సీటులోంచి లేస్తే తప్పా? ఆడిట్ ఆఫీసులో పాతికేళ్ళు కూర్చున్నదాని జవాబు

అడిగిన అమ్మాయి రాసింది క్లుప్తంగా ఇది. మంగళగిరి నుంచి రోజూ బస్సులో విజయవాడ వస్తుంది. సూర్యారావుపేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేరి ఎనిమిది నెలలు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా పని. మధ్యాహ్నం కీబోర్డు పక్కనే క్యారియర్ విప్పుకుని తింటుంది. ఆఫీసులో మగవాళ్ళు రోజుకు నాలుగుసార్లు టీ బంకు దాకా వెళ్ళొస్తారు, ఎవరూ ఏమీ అనరు. తను ఒక్కసారి లేస్తే మాత్రం "అప్పుడే లేచావా?" అంటాడట సీనియర్. సాయంత్రం నాలుగు దాటాక ఒకే లైను మూడుసార్లు చదివినా బుర్రకెక్కడం లేదు. బ్రేక్ అడగడం తప్పా, ఎలా అడగాలి, ఎంతసేపు తీసుకోవాలి, టీ బంకు దగ్గరికి తనూ వెళ్ళాలా అని అడిగింది.

అమ్మా, వయసులో చిన్నదానివి గనక నువ్వు అనే అంటున్నాను, ఏమీ అనుకోకు. నేను గుంటూరు అరండల్‌పేటలో ఆడిట్ ఆఫీసుల్లో పాతికేళ్ళుగా పని చేస్తున్నాను. సీఏను కాదు. బీకాం అయ్యాక ఓచర్లు, అంటే జమాఖర్చు చీటీలు, కొట్టడంతో మొదలుపెట్టి ఇప్పుడు తొమ్మిది మంది పని చూసుకుంటున్నాను. సీటులోంచి లేచినందుకు మాట పడినదాన్నీ నేనే, కొన్నేళ్ళ తర్వాత లేచినవాళ్ళ వంక అదే చూపు చూసినదాన్నీ నేనే. రెండో సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

బ్రేక్ తీసుకోవడం తప్పు కాదు. అసలు తీసుకోకపోవడమనేది ఉండదు. నువ్వు లేవకపోతే నీ బుర్ర నీకు చెప్పకుండా లేచి వెళ్ళిపోతుంది. కుర్చీలో మనిషి ఉంటుంది, చూపు ఓచరు మీదే ఉంటుంది, అంకె మాత్రం వేరేది పడుతుంది. మనం ఎంచుకునేదల్లా ఆ బ్రేక్ టీ గ్లాసు దగ్గర కావాలా, లెడ్జర్‌లో కావాలా అన్నదే.

నా సంగతే చెప్తాను. 2011 సెప్టెంబరు. అప్పుడు వేరే ఆఫీసులో ఉన్నాను. ట్యాక్స్ ఆడిట్ గడువు 30వ తారీకు, ఇంకా రెండు మూడు రోజులుంది. ఒక పత్తి వ్యాపారి ఖాతా బ్యాంకు స్టేట్‌మెంటుతో కలవడం లేదు. తేడా సరిగ్గా 3,600. తేడా తొమ్మిదితో శేషం లేకుండా భాగారిస్తే అంకెలు తారుమారయ్యాయేమోనని మన పనిలో మొదటి అనుమానం, నీకూ ఈపాటికి ఎవరో చెప్పే ఉంటారు. 3,600 తొమ్మిదితో భాగిస్తే 400. అంటే ఎక్కడో రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి. ఎక్కడ? ఏడాది స్టేట్‌మెంటు మొత్తం మా ముందుంది. నేనూ మా సీనియరూ ఏడు గంటలకు మొదలుపెట్టి రాత్రి పదింటి దాకా వెతికాం. 68,450 చెక్కును నేను 64,850 అని కొట్టాను.

చేసిన ఓచరు మూలన పెన్సిల్‌తో టిక్ పెట్టి తారీకు వేసుకోవడం నా అలవాటు. ఆ తారీకు చూడగానే అంతా గుర్తొచ్చింది. ఆ రోజు టీకి రమ్మంటే వెళ్ళలేదు, "ఈ ఒక్క కట్టా అయిపోగొడితే పని తెమిలిపోతుంది" అనుకుని నాలుగు దాటాక కూర్చుని చేసిన కట్ట అది. పది నిమిషాలు మిగుల్చుకున్నాను. దానికి ఇద్దరం మూడేసి గంటలు చెల్లించాం. వడ్డీ ఎంత పడిందో నువ్వే లెక్క వేసుకో.

ఆ తర్వాత ఓ రెండు నెలలు ఒక పని చేశాను, నిన్నూ చెయ్యమంటాను. నా తప్పు బయటపడినప్పుడల్లా ఆ ఎంట్రీ ఏ పూట చేసిందో డైరీలో రాసుకున్నాను. పొద్దున చేసినవాటిలో తప్పులు అరుదు. భోజనమైన గంటకూ, మళ్ళీ నాలుగున్నర నుంచి ఆరు మధ్యా చేసినవాటిలోనే గుట్టలు. నీ గుట్టలు వేరే గంటల్లో ఉండొచ్చు. ఎక్కడున్నాయో నీకే తెలియాలి, ఎందుకంటే బ్రేక్ పెట్టాల్సింది ఆ గుట్టకు ముందు, గుట్ట మీద కాదు. అలిసిపోయాక లేస్తే తేరుకోవడానికి అరగంట పడుతుంది. అలవకముందు లేస్తే ఏడెనిమిది నిమిషాలు చాలు.

మీ సీనియర్ మీద మరీ కోపం పెట్టుకోకు. ఆయనకు కనబడేది అంతే. మా పార్టీల్లో, అంటే మేం లెక్కలు చూసే వ్యాపారుల్లో, కొందరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారులు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సీజన్ మీదున్నప్పుడు వాళ్ళ కొట్టుకు వెళ్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా నిలబడలేం, అంత ఘాటు. ఆ ఘాటులోనే హమాలీలు నలభై కిలోల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోస్తుంటారు. కొన్ని మోశాక తువ్వాలు తీసి మొహం తుడుచుకుని నీడన కూలబడతారు. "అప్పుడే కూర్చున్నావా?" అని అక్కడ ఎవరూ అడగరు. బరువు అందరి కళ్ళకూ కనబడుతోంది కదా. మన బరువు కనబడదు. పైగా మన ఆఫీసుల్లో కూర్చోవడమే పని, అందుకే లేవడం పని ఎగ్గొట్టడంలా కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో యంత్రం ముందు నిలబడేవాడి చేత ఏకబిగిన 5 గంటలకు మించి పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. యంత్రం ముందు మనిషి తూలితే చెయ్యి పోతుందని అందరికీ తెలుసు. మనం తూలితే పక్క పార్టీ ఖాతాలో ఇన్వాయిస్ పడుతుంది, కొన్నవాడికి 2బీలో, అంటే తను కొన్న సరుకు మీద కట్టిన జీఎస్టీ చూపించే పట్టీలో, క్రెడిట్ కనబడదు, వాడు ఫోన్ చేసి అరిచేదాకా ఎవరికీ తెలియదు.

ఇక ఎంతసేపు అన్నదానికి. పొమొడోరో పద్ధతి అని వినే ఉంటావు. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమర్ పెట్టుకుని చదువుకునేవాడు, వాళ్ళ భాషలో పొమొడోరో అంటే టమాటాయే. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విశ్రాంతి. చదువుకునేవాళ్ళకు బాగుంటుందేమో, మన పనికి నాకు అచ్చిరాలేదు. స్టేట్‌మెంటులో సగం పేజీ కలిపాక గంట మోగితే ఏం చేస్తాం? తిరిగొచ్చి మళ్ళీ పేజీ మొదటి నుంచి కలుపుకోవాలి. అందుకే నేను గడియారం చూడను, పని అతుకు చూస్తాను. బ్యాంకు స్టేట్‌మెంటైతే ఒక నెల, ఓచర్లైతే ఒక కట్ట, జీఎస్టీ అయితే ఒక పార్టీ. అతుకు దగ్గర ఆగడం తేలిక, మళ్ళీ అందుకోవడం కూడా తేలిక. గంటా గంటన్నరకు ఒక అతుకు వచ్చేలా పనిని ముందే కోసుకుంటే సరి. మూడు గంటలు ఆగకుండా చెయ్యాల్సిన పని ఉందంటే, దాన్ని ఇంకా సరిగ్గా కోసుకోలేదనే అర్థం.

లేచే ముందు ఒక చీటీ రాసి కీబోర్డు మీద పెట్టు. "ఆగస్టు అయింది, సెప్టెంబరు 3 చెక్కు అడగాలి" అంతే, ఒక లైను. నేను దీన్ని మతిమరుపు కోసం మొదలుపెట్టాను. దీని వెనక శాస్త్రం కూడా ఉందని తర్వాత తెలిసింది. ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే చిక్కుకుపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాసింది. ఎక్కడ ఆగామో, తిరిగొచ్చి ఏం చెయ్యాలో రాసిపెట్టుకుంటే ఆ చిక్కు కొంత వదులుతుందని తర్వాతి పరిశోధనలో తేల్చింది. చీటీ లేకుండా లేస్తే మెట్లు దిగుతూ కూడా ఆ చెక్కు గురించే ఆలోచిస్తాం, అప్పుడు కాళ్ళకు మాత్రమే బ్రేక్.

ఫోను బ్రేక్ కాదు. ఈ ఒక్కటీ గట్టిగా చెప్తాను. వేరే ఉద్యోగాల సంగతి నాకు తెలియదు గానీ, మన పనిలో పార్టీలు బిల్లులన్నీ వాట్సాప్‌లోనే పంపిస్తారు. అదీ వంకరగా, సగం చీకట్లో, వేలు అడ్డం పెట్టి తీసిన ఫోటోలు. చెల్లెలు పంపిన వీడియో చూద్దామని తెరిస్తే దాని పైనే ఎరువుల కొట్టాయన "మేడమ్ చూశారా" అని పెట్టి ఉంటాడు. చూశాక జవాబివ్వకపోతే ఒక బాధ, ఇస్తే ఇంకో బాధ. పైగా పొద్దుటి నుంచి తెర చూసిన కళ్ళకు ఇంకో తెర, అదీ ఇంకా చిన్నది.

కళ్ళకు 20-20-20 అని డాక్టర్లు చెప్తారు. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని. సూర్యారావుపేట ఆఫీసు గదుల్లో 20 అడుగులు ఎక్కడివి తల్లీ, కిటికీ ఉంటే ఎదురు బిల్డింగ్ మీద నీళ్ళ ట్యాంకు చూడు. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేస్తాం, తెర చూస్తున్నప్పుడు అది సగానికో ఇంకా తక్కువకో పడిపోతుంది. ఏసీ గాలి మొహానికి కొడుతుంటే కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది. నీకు ఇంకో సదుపాయం కూడా ఉంది. మంగళగిరి బస్సు వారధి మీదుగానే వెళ్తుంది కదా. ఆ కాసేపూ ఫోను సంచిలో పడేసి కృష్ణ వైపు చూడు. రోజు మొత్తంలో నీ కళ్ళు అంత దూరం చూసేది అక్కడే.

భోజనం గురించి పొడుగు చెప్పను. సీటు దగ్గర తినకు. ఆఫీసులో భోజనాల బల్ల లేకపోతే కుర్చీ వెనక్కి తిప్పుకుని తిను, తెర కనబడకుండా. తింటున్నావని కనబడితే ఎవరూ పిలవరు, కీబోర్డు ముందు కూర్చుని తింటుంటే "ఆ ఒక్కటీ చూసి చెప్పమ్మా" అంటారు. అన్నం తిన్నాక వచ్చే మత్తు సగం పప్పన్నం వల్లే గానీ, మిగతా సగం తినకపోయినా వస్తుంది. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడు దాకా ఒళ్ళు మందగించడం మనిషి స్వభావమే. దానితో కుస్తీ పట్టకు. రీకన్సిలియేషను, అంటే ఖాతాలు కలపడం, ఫైనలైజేషను, అంటే ఏడాది లెక్కలు ముగించడం, పొద్దున పెట్టుకో. రెండు నుంచి మూడున్నర దాకా బిల్లులు అడుగుతూ పార్టీలకు ఫోన్లు చెయ్యడం, ఫైళ్ళు సర్దడం లాంటివి పెట్టుకో. ఫోన్లు నిలబడి మాట్లాడు. ఆరు దాటాక టీ మాత్రం వద్దు, తాగిన అయిదు గంటలకు కూడా కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుంది. రాత్రి నిద్ర పాడైతే తెల్లారి ఏ బ్రేకూ ఆదుకోదు.

ఇప్పుడు నువ్వు రాయని సంగతి ఒకటి అడుగుతాను. నీళ్ళు తాగుతున్నావా?

నేను తాగేదాన్ని కాదు. మా పాత ఆఫీసు మూడో అంతస్తు, బాత్రూమ్ కింద అంతస్తులో, నాలుగు ఆఫీసులకు కలిపి ఒకటి. తాళం చెవి సీనియర్ బల్ల మీద మేకుకు వేలాడేది. దాన్ని తీసుకున్నామంటే ఎందుకు లేచామో గదిలో అందరికీ తెలుస్తుంది. ఆ సిగ్గుకు పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం అన్నంతో ఒకటి, అంతే. మే నెల ఎండల్లో కూడా అంతే. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు మన వైపు, నేను మాత్రం రెండు గ్లాసుల నీళ్ళతో నెట్టుకొచ్చాను. చివరికి ఒక ఏడాది మూత్రంలో ఇన్‌ఫెక్షన్, చలిజ్వరం, వారం రోజులు మంచం. "రోజుకు ఎన్నిసార్లు వెళ్తారు?" అని డాక్టరమ్మ అడిగితే రెండుసార్లు అన్నాను. ఆవిడ రాయడం ఆపి నా మొహం చూసింది. తిరిగి చేరిన రోజు ఆ తాళానికి మారు చెవి నా డబ్బులతో చేయించి, ఆడవాళ్ళం ముగ్గురం మా దగ్గరే ఉంచుకున్నాం. ఇరవై రూపాయల పని, అన్నేళ్ళు తోచలేదు. మీ ఆఫీసులో ఇలాంటిదేదైనా ఉంటే బ్రేకుల గొడవ కన్నా ముందు దీన్ని తేల్చుకో. బాత్రూమ్‌కి వెళ్ళడం బ్రేక్ లెక్కలోకి రాదు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అడగడం ఎలా అన్నావు. అడగకు, చెప్పు. "సార్, బ్రేక్ తీసుకోవచ్చా?" అంటే ఎవరైనా గడియారం చూస్తారు. "సార్, జూలై స్టేట్‌మెంట్ కలిసింది. కిందికి వెళ్ళి నాలుగుంబావుకల్లా వస్తాను, వచ్చాక ఆగస్టు మొదలుపెడతా" అను. ఇందులో అయిన పని ఉంది, తిరిగొచ్చే టైము ఉంది, చెయ్యబోయే పని ఉంది. కాదనడానికి ఆయనకు ఏమీ మిగలదు. నాలుగుంబావు అన్నావంటే నాలుగూ పద్నాలుగుకల్లా సీటులో ఉండు. పది రోజులు అలా చేస్తే పదకొండో రోజు ఎవరూ తలెత్తి చూడరు. రెండు మాత్రం చెయ్యకు. పార్టీ ఎదురుగా కూర్చుని ఉండగా లేవకు, పక్కవాళ్ళు నీ లెక్క కోసం ఆగి ఉంటే లేవకు. మొదటి వారం ఎవరో ఒకరు "ఏంటమ్మా, షికారా?" అంటారు. నవ్వి వెళ్ళిపో. సంజాయిషీ మొదలుపెట్టావంటే రోజూ ఇవ్వాల్సి వస్తుంది.

ఆ పది నిమిషాల్లో ఏం చెయ్యాలంటే, నేను నడుస్తాను. మా అరండల్‌పేట, బ్రాడీపేటల్లో లైన్లు, అడ్డరోడ్లు గళ్ళ నోటు పుస్తకంలా ఉంటాయి కదా, ఒక అడ్డరోడ్డు దాకా వెళ్ళి తిరిగి రావడం నా కొలత. ఎండాకాలం మూడింటప్పుడు బయట కాలు పెట్టలేం, అప్పుడు మెట్లు. రెండంతస్తులు దిగి, కింద నీడలో కాసేపు నిలబడి, మెల్లగా ఎక్కడం. ఎవరితోనైనా మాట్లాడితే ఆఫీసు సంగతులు తప్ప ఏదైనా మాట్లాడు. కూరలో ఉప్పు ఎక్కువైన సంగతైనా మంచిదే.

11వ తారీకు అమ్మకాల వివరాలు ఇచ్చే జీఎస్టీఆర్-1, 20వ తారీకు పన్ను లెక్క తేల్చి కట్టే 3బీ గడువు. ఆ రోజుల్లో ఈ లెక్కలేవీ నడవవని నాకూ తెలుసు. సెప్టెంబరు చివరి వారం, అక్టోబరు చివరి వారం సరేసరి. గడువు పొడిగిస్తే సంతోషిస్తాం గానీ సాగేది మన పనే. అప్పుడు పెద్ద బ్రేకుల ఆశ పెట్టుకోకు. కానీ ఒక సంగతి గమనించు. పోర్టల్ తిరుగుతూ ఉంటుంది, పార్టీ ఓటీపీ చెప్పడానికి ఫోన్ ఎత్తడు, ఆ రోజు సగం ఎదురుచూపులే. ఎదురుచూడటం విశ్రాంతి అనుకుంటాం, కాదు. తెర వంక గుడ్లప్పగించి చూస్తూ భుజాలు బిగబట్టుకుని ఉంటాం. పేజీ తిరుగుతుంటే లేచి నిలబడు, ఓటీపీ కోసం ఫోన్ పట్టుకుని నడువు. ఆ నాలుగైదు నిమిషాలు ఎలాగూ పోయేవే.

ఇదంతా చేసినా ఏడాది పొడుగునా, గడువులు లేని నెలల్లో కూడా రాత్రి ఎనిమిదికి తక్కువ కావడం లేదంటే, అది బ్రేకులతో తీరేది కాదు. ఇద్దరు చెయ్యాల్సిన పని నీ ఒక్కదాని మీద ఉందని అర్థం. చేరి ఎనిమిది నెలలే కాబట్టి ఒక సెప్టెంబరు సీజన్, ఒక మార్చి చూడు. రెండూ చూసిన అనుభవం చేతిలో ఉంటే విజయవాడలో, గుంటూరులో నిన్ను తీసుకునే ఆఫీసులు దొరుకుతాయి. చేతి వేళ్ళు తిమ్మిరెక్కడం, రోజూ సాయంత్రానికి తలనొప్పి లాంటివి ఉంటే మాత్రం సీజన్ దాకా ఆగకుండా డాక్టరుకు చూపించుకో.

చివరగా టీ బంకు. వెళ్ళాలనుంటే వెళ్ళు, తప్పేమీ లేదు, ఇప్పుడు చాలామంది అమ్మాయిలు వెళ్తున్నారు. ఆ సిగరెట్ల పొగలో నిలబడటం నాకు పడలేదు. అందుకని ఇంటి నుంచి చిన్న ఫ్లాస్కులో అల్లం టీ పట్టుకెళ్ళడం మొదలుపెట్టాను. నాలుగింటికి నేనూ, పక్క సీటు ఆవిడా మెట్ల మలుపు దగ్గర గట్టు మీద కూర్చునేవాళ్ళం. నెల తిరిగేసరికి పై అంతస్తు ఇన్సూరెన్స్ ఆఫీసులో ఇద్దరమ్మాయిలు, కింద జెరాక్స్ షాపులో పనిచేసే ఆవిడ కూడా గ్లాసులు పట్టుకుని వచ్చారు. ఫ్లాస్కు చాలక లీటరుది కొన్నాను.